మొరాయించిన ఇంజను - ముక్కు చెప్పు సాక్ష్యము

మోట పోయి ఇంజను వచ్చిన దినములలో బోధను చుట్టుప్రక్కల చెఱకు తోటలకు తెల్లవాఱుట కోడికూతతో గాక ఇంజను చప్పుడుతో మొదలయ్యెడిది. డుగుడుగుమని పొలిమేర వఱకు వినవచ్చు ఆ చప్పుడు ఏనాడైన వినబడకున్నచో ఇంటివారందఱకును సంగతి తెలిసిపోయెడిది. ఇంజను మొరాయించినది! బావిగట్టున రైతు హ్యాండిలు త్రిప్పి త్రిప్పి చెమటలు క్రక్కుచుండును. చక్రము నాలుగు చుట్లు తిరిగి నిట్టూర్చి ఆగిపోవును. గట్టంతయు డీజిలు కంపు. ప్రక్క పొలములవారు వచ్చి నిలుచుందురు. ఒకడు నూనె తక్కువయనును, ఒకడు చలియనును, మఱియొకడు ఇంజనునకు దిష్టి తగిలినదనును. ఎవరేమనినను చెఱకు ఆగదు. ఏడాది పొడవున నేలలో నిలిచెడి ఆ పైరునకు వేసవిలో ఒక తడి తప్పినచో గడకు గడకు నడుమ కణుపు కుఱుచయగును. ఆ కుఱుచదనము క్రషింగు కాలమున తూకములో తేలును.

ఈ రెండు బాధలును, అనగా ఇంధనపు వాసనయు, ఇంజను కదలకుండుటయు, బోధను రైతుకు మాత్రమే పరిమితమైనవి కావు. సముద్రములపై తెరచాప పడవలు నడుపువారి నిత్యపు గోడు కూడ ఇదియే. తెరచాప పడవకు ఇంజనెందుకను సందేహము విద్యార్థులకు కలుగవచ్చును. గాలి పడిపోయినపుడును, రేవులోనికి ఇఱుకు త్రోవలో చొచ్చునపుడును తెరచాప పనికిరాదు. అందులకై పడవ గర్భమున, నీటిమట్టమునకు దిగువగా, ఒక చిన్న ఇంజనును అమర్తురు. అట్టి పడవలలో ప్రసిద్ధికెక్కిన అటామిక్ ఫోర్ అను పెట్రోలు ఇంజనును అమెరికాలో 1947లో మొదలిడి కొన్ని దశాబ్దముల పాటు తయారుచేసిరి. పడవ అడుగు ఒక గుంట. బావి కూడ ఒక గుంటయే. బరువైన ఆవిరి గుంటలోనికి దిగినచో తనంతట తాను పైకి రాదు. కావుననే కడలి లేని నిజామాబాదు జిల్లా రైతుకును, కడలిపై నావికునకును ఒకే పాఠము అవసరమైనది.

ఇంజనులు ఈ సీమకు వచ్చిన క్రమము కొంత చెప్పవలసియున్నది. మంజీరానదిపై నిజాంసాగర్ ఆనకట్ట నిర్మాణము 1923లో ప్రారంభమై 1931లో ముగిసినది. కాలువ నీరు బాన్సువాడ, బోధను, నిజామాబాదు మాగాణులకు పాఱినది. నీటి వెంట చెఱకు, చెఱకు వెంట చక్కెర మిల్లు వచ్చినవి. 1937లో బోధనున స్థాపితమైన నిజాం చక్కెర కర్మాగారము ఈ ప్రాంతపు జీవితమునే మార్చివైచినది. కాని కాలువ చివరి భూములకు నీరు వంతులవారీగా వచ్చును, ఒక్కొక్క ఏడు రానే రాదు. కాలువ అందనివారు, అందియు నమ్మజాలనివారు బావులు త్రవ్వుకొనిరి. బావి లోతునకు ఎడ్లమోట చాలక ఇంజను వచ్చినది. 1946లో పూనాలో కిర్లోస్కర్ ఆయిల్ ఇంజనుల సంస్థ ఏర్పడిన పిదప ఆ పేరు పల్లెలలో ఎంతగా నాటుకొనెననగా ఏ కంపెనీ ఇంజనునైనను ‘కిర్లోస్కరు’ అని పిలుచుట అలవాటైనది.

ఇక ఇంజనును బావిగట్టున పెట్టిన సరిపోదా, బావిలోనికి దింపుట ఎందుకు? ఇది ఎనిమిదవ తరగతి భౌతికశాస్త్రపు ప్రశ్న. పంపు నీటిని లాగునని అనుకొందుము గాని, అది గొట్టములోని గాలిని మాత్రమే తీసివేయును. నీటిని పైకి నెట్టునది బావిలోని నీటిపై ఒత్తిడి చేయు వాతావరణము. ఆ ఒత్తిడి 10 మీటర్ల నీటిస్తంభమునకు మించి మోయలేదు. పీల్చు పంపు కొంత ఎత్తునకు మించి నీరెత్తదను సంగతిని గెలీలియో తన 1638 నాటి గ్రంథమున ప్రస్తావించెను. కారణము ఆయనకు చిక్కలేదు. ఆయన శిష్యుడు టారిచెల్లి కొద్ది ఏండ్లకే పాదరసపు గొట్టముతో దానిని తేల్చెను. కీళ్ళలోని సందులు, గొట్టపు రాపిడి లెక్కించినచో వాడుకలో దక్కునది ఏడు మీటర్లే. వేసవిలో నీరు అంతకంటె దిగువకు పోయినపుడు పంపును నీటికి చేరువగా దింపక తప్పదు. పంపుతో పాటు పట్టా, పట్టాతో పాటు ఇంజను. అందుకై బావి గోడలో సగము లోతున ఒక అరుగు చెక్కి, దానిపై ఇంజనును నిలిపెడివారు. ఈ అరుగును గుర్తుంచుకొనవలెను. ఈ కథలోని ప్రాణాపాయమంతయు అక్కడనే యున్నది.

ముందు ఇంజను మొరాయింపు సంగతి. డీజిలు ఇంజనులో నిప్పురవ్వ లేదు. రుడాల్ఫ్ డీజిల్ 1897లో జర్మనీలో నడిపి చూపిన యంత్రపు కీలకమిదియే. సిలిండరులోని గాలిని సుమారు పదునాఱవ వంతు చోటికి అదిమినచో అది అయిదు వందల డిగ్రీలకు పైగా వేడెక్కును. సైకిలు గొట్టముతో గాలి కొట్టు బాలునకు ఆ గొట్టము వేడెక్కుట తెలియును గదా, అదే సూత్రము. అట్లు కాగిన గాలిలోనికి డీజిలును మంచు వలె సన్నగా చిమ్మినచో తనంతట తానే అంటుకొనును. కావున ఇంజను కదలుటకు కావలసినవి మూడే: గాలి రావలెను, బాగుగా అదుమబడవలెను, తగిన క్షణమున డీజిలు తుంపరలుగ పడవలెను. మెకానిక్కు తల బ్రద్దలు కొట్టుకొనునదంతయు ఈ మూడింటిలో ఏది లోపించినదను ప్రశ్న చుట్టునే.

చిమ్ముటకు కావలసిన ఒత్తిడి సామాన్యమైనది కాదు. చదరపు సెంటీమీటరునకు నూఱు కిలోలకు మించియే యుండును. డీజిలు ద్రవము గనుక అణగదు. పంపు నెట్టిన వెంటనే నాజిలు తెఱచుకొని చిమ్మును. కాని గొట్టములో ఒక్క గాలిబుడగ చేరినదా, పంపు నెట్టిన బలమంతయు ఆ బుడగను అణచుటకే సరిపోవును. బుడగ అణగును, మరల సాగును, నాజిలు మాత్రము నోరు విప్పదు. రైతు హ్యాండిలును రోజంతయు త్రిప్పినను ఫలము శూన్యము. ఇట్టి ఇంజనును ముట్టుకొనుటకు ముందు అనుభవశాలియైన మెకానిక్కు కొంత సేపు ఊరకే నిలుచుండి వాసన చూచెడివాడు. బోధను పరిసరములలో ఇట్టి సంభాషణ ఎన్ని బావిగట్లపై జరిగినదో!

“కాకా, వాసన ఎప్పటి సంది వస్తుంది?”

“మూడు దినాల సంది వస్తుంది బిడ్డా. గట్లనే నడిచింది. ఇయ్యాల పొద్దుగాల స్టార్టయితలేదు.”

“గంతే కాకా. డీజిలు బయటికొచ్చిన కాడికెల్లే గాలి లోపటికి పోయింది. రెండు రోగాలు కావు, ఒక్కటే.”

ఈ మాటలో ఇంజనీరింగు విద్య సారమున్నది. ట్యాంకు ఇంజనుకంటె ఎత్తున నుండును. బిగి సడలిన కీలు గుండ డీజిలు బొట్టుబొట్టుగ చెమర్చును. అది వాసన. ట్యాంకులో డీజిలు తగ్గినపుడో, ఫిల్టరు మురికితో సగము మూసికొనినపుడో పంపు లాగుడు పెరిగి అదే సందుగుండ గాలిని లోనికి పీల్చును. అది మొరాయింపు. పడవలలో ట్యాంకు తఱచుగ ఇంజనునకు దిగువనుండును. కావున అక్కడ తడి కనబడకయే గాలి చేరును, నావికునకు జాడ తీయుట మఱింత కష్టము. బోధను రైతు ఈ విషయమున అదృష్టవంతుడు. అతని ఇంజను తన రోగమును ముందుగ ముక్కునకు చెప్పును. వినకపోవుట వినువాని తప్పు.

కాఱు చోటు కనిపెట్టుటకు అగ్గిపుల్ల గీయరాదు. డీజిలు పెట్రోలంత సులభముగ అంటుకొనదనుట నిజమే. పెట్రోలు గడ్డకట్టు చలిలో కూడ మండగల ఆవిరిని విడుచును, డీజిలునకు బాగుగా వేడి తగులవలెను. కాని వేడి సైలెన్సరు ప్రక్కన ఈ భేదమును నమ్ముకొనుట తెలివి కాదు. దీనికి బడిపంతులు చేతిలోని సుద్దముక్క చాలును. గొట్టములు, కీళ్ళు పొడిగుడ్డతో తుడిచి సుద్దపొడి చల్లి పావుగంట ఆగినచో తడి మొదట ఎచ్చట నల్లబడునో అదియే దొంగ. వాచరు మార్చి బిగించిన పిదప గాలి తీయవలెను. ట్యాంకు నుండి నాజిలు వఱకు వరుస తప్పరాదు. మొదట ఫిల్టరు మీది మరను సడలించి బుడగలు ఆగి డీజిలు ధారగ వచ్చువఱకు కార్చవలెను. తరువాత పంపు, చివర నాజిలు. క్రింద తీయక పైన తీసినచో వెనుకనున్న బుడగ మరల ముందుకు వచ్చును. అంతయు సరియైనచో హ్యాండిలు నెమ్మదిగ త్రిప్పునపుడు నాజిలు వద్ద ‘క్రీక్’ మను చిన్న కీచుదనము వినవచ్చును. ఎన్ని ఇంజనులు చూచినవారైనను ఆ కీచుదనము వినినపుడు ముఖము విప్పారకుండ ఉండజాలరు.

పొగ కూడ సాక్షియే. హ్యాండిలు త్రిప్పునపుడు సైలెన్సరు నుండి ఏ పొగయు రాకున్నచో డీజిలు సిలిండరునకు చేరుట లేదు. కన్నులు మండించు తెల్లని పొగ వచ్చినచో డీజిలు చేరుచున్నది గాని అంటుకొనుట లేదు. పిస్టను రింగులు అఱిగి గాలి జాఱిపోవుటయో, మాఘమాసపు చలియో, వాల్వు సరిగ కూర్చుండకుండుటయో కారణము. గాలి తీసికొను మార్గమున నాలుగు చుక్కల ఇంజను నూనె వేసి త్రిప్పినచో రింగుల సందు తాత్కాలికముగ పూడి ఇంజను కదలును. అట్లు కదలినదనగా రింగులకు ఆయువు తీఱినదని భావము. ఈ చిట్కాతో నాలుగు సీజనులు గడపిన ఘనులును లేకపోలేదు. మఱియొక వింత రోగము: ఇంజను చక్కగ నడచి గంటకు ఆగును, కొంత సేపటికి మరల కదలును, మరల ఆగును. ఇంజనంతయు విప్పి చూచినను తప్పు దొరకదు. ట్యాంకు మూతకు గల సన్నని రంధ్రము దుమ్ముతో మూసికొనుటయే దీనికి హేతువు కావచ్చును. డీజిలు దిగినకొలది పైన గాలి చేరు దారి లేక ధార ఆగిపోవును. మూత వదులు చేసినంతనే బుస్సుమను శబ్దము, ఇంజనునకు ప్రాణము!

చిన్న రైతులు వాడిన కిరసనాయిలు పంపుసెట్లది వేఱు తీరు. అవి పెట్రోలుతో మొదలై, వేడెక్కిన పిదప కిరసనాయిలునకు మాఱును. చల్లని ఇంజనులో కిరసనాయిలు ఆవిరి కాదు. సాయంకాలము ఆపుటకు ముందు మరల పెట్రోలునకు మార్చి, కార్బురేటరులోని కిరసనాయిలంతయు ఖర్చగునట్లు కొంతసేపు నడుపవలెను. తొందరలో ఈ పని మఱచినవాడు మఱునాటి ఉదయమున ఫలితము అనుభవించును. ప్లగ్గు తడిసియుండును, బావిగట్టున దీపము నూనె కంపు, తాడు ఎంత లాగినను కదలిక లేదు. అంతకంటె కీడు కంటికి కనబడనిది. మండని కిరసనాయిలు సిలిండరు గోడల వెంట జాఱి క్రింది నూనెలో కలియును. నూనె మట్టము తగ్గుటకు బదులు పెరుగుచున్నదని సంతసించిన అమాయకులు ఆ సీజనుననే బేరింగులు మార్పించుకొనిరి. నూనె కొలత పుల్లను తీసి వాసన చూచినచో గుట్టు తెలిసెడిది.

పెట్రోలు మాట వచ్చినది గనుక బోధనునకు సంబంధించిన ఒక ముచ్చట. చక్కెర తీయగా మిగిలిన మడ్డి, అనగా మొలాసిస్, నుండి తీసిన సారమును పెట్రోలులో కలుపవచ్చునను ఆలోచన క్రొత్తది కాదు. భారత ప్రభుత్వము 1948లోనే పవర్ ఆల్కహాల్ చట్టము చేసినది. ఆ ఆలోచన మరల తలయెత్తి 2025 నాటికి దేశమున పెట్రోలులో నూటికి ఇరువది పాళ్ళ ఇథనాలు కలుపుట జరిగినది. చెఱకు సీమకు ఇది సంతోషవార్తయే. కాని ఇథనాలు నీటికి చెలికాడు. నెలల తరబడి నిలువయున్న ట్యాంకులో అది గాలిలోని తేమను త్రాగును. మితిమీఱినచో నీరును సారమును కలిసి పెట్రోలు నుండి విడిపోయి అడుగునకు చేరును. ఇంజను మొదట పీల్చునది ఆ అడుగునే. పాతకాలపు రబ్బరు గొట్టములును, వాచరులును దీనికి మెత్తబడి ఉబ్బును. ఏడాదిలో పది నెలలు కదలక కట్టియుంచు పడవలవారును, వేసవిలో రెండు నెలలు మాత్రమే చిన్న పంపు వాడు రైతులును ఒకే రీతిగ మోసపోవుట ఇందువలననే.

ఇంతవఱకు చెప్పినది ముక్కునకు తెలియు విషయము. బావి అరుగుపై జరిగినది ముక్కునకు తెలియనిది.

ఇంధనము పూర్తిగ మండనపుడు పుట్టు కార్బన్ మోనాక్సైడునకు రంగు లేదు, రుచి లేదు, వాసన లేదు. నెత్తుటిలో ప్రాణవాయువును మోయు పదార్థమును అది ప్రాణవాయువుకంటె రెండు వందల రెట్లు గట్టిగ పట్టుకొనును. పీల్చినవానికి ఉక్కిరిబిక్కిరియైనట్లు తోచదు. తలనొప్పి, మత్తు, కాళ్ళలో సత్తువ లేకుండుట. నిచ్చెన ఎక్కవలెనని తోచునప్పటికి ఎక్కు శక్తి యుండదు. ఆరుబయట ఇంజను పొగ గాలిలో కలిసిపోవును. బావి నడుమ అరుగుపై పొగగొట్టము పైవఱకు వేయకయే ఇంజను నడిపినచో, పూడిక తీయుటకై పంపును అడుగునకు దింపి నీరు తోడినచో, ఆ గుంటలోని గాలి కొద్ది సేపటికే విషమగును. ప్రాణవాయువును ఇంజనే త్రాగివేయును. అది తగ్గినకొలది మంట మసకబారి విషవాయువు మఱింత పుట్టును. ఇంజను తనంతట తాను ఆగినదేమో చూతమని దిగినవాడు తిరిగి రాడు. వాని వెంట అన్న, అన్న వెంట పాలివాడు. ఒకరిని రక్షింపబోయి మఱియొకరు పోవుట ఇట్టి దుర్ఘటనల లక్షణము. వేసవిలో వార్తాపత్రికలు చదువువారికి ఇది క్రొత్త కాదు.

పూర్వులు బావిలో దిగుటకు ముందు లాంతరును త్రాటితో దింపి చూచెడివారు. దీపము ఆఱినచో దిగరు. బొగ్గుపులుసు వాయువు నిండిన పాడుబావికి ఆ పరీక్ష సరియైనదే. ఇంజను పొగకు మాత్రము అది చాలదు. మనిషిని పడగొట్టుటకు చాలినంత మోనాక్సైడు ఉన్న గాలిలో దీపము నిబ్బరముగ వెలుగుచునే యుండును. పెట్రోలు ఆవిరి దిగియున్న బావిలోనికి దీపము దింపుట మఱింత ప్రమాదము. పెట్రోలు ఆవిరి గాలికంటె మూడు నాలుగు రెట్లు బరువు, నూటికి ఒకటి రెండు పాళ్ళున్న చాలును, రగులుకొనును. ఇంగ్లండు బొగ్గుగనులలో జాన్ స్కాట్ హాల్డేన్ సలహాపై చిన్న పిట్టలను పంజరములలో పెట్టి తీసికొనిపోయెడివారు. మనిషికంటె ముందు పిట్ట సొమ్మసిల్లును. ఆ ఆచారము అక్కడ 1986 వఱకు సాగినది. బోధను బావులకు పిట్టలు లేవు. మన వద్ద కొందఱు ఆకులతోనున్న పెద్ద కొమ్మను త్రాటికి కట్టి బావిలో పలుమాఱులు పైకి క్రిందికి ఆడింతురు. గాలి కదలుటకు అది కొంత మేలే గాని విషము పోయినదని రూఢి చేయదు. ఇంజను ఆపి, పైనుండి పంకాతో చాల సేపు గాలి కొట్టి, దిగువాని నడుమునకు త్రాడు కట్టి, ఆ త్రాటి కొసను పైన ఇద్దఱు పట్టుకొనినపుడే దిగవలెను. పడిపోయినవానిని చూచి వెంటనే దుముకుట ధైర్యము కాదు, మఱొక శవము.

పడవలవారు ఈ నీతిని చట్టముగను, అలవాటుగను చేసికొనిరి. పెట్రోలు ఇంజనున్న పడవలో తాళము త్రిప్పుటకు ముందు అడుగుభాగపు గాలిని వెలికి నెట్టు పంకాను నాలుగు నిమిషముల పాటు నడుపవలెనని అమెరికా తీరరక్షక దళపు ఉపదేశము. ఆ తరువాత అడుగు మూత తీసి ముక్కుతో పరీక్షింపవలెను. పంకా ఉన్నను ముక్కును వదలుకొనలేదు. క్యాబినులో నిద్రించువారికై మోనాక్సైడును కనిపెట్టు చిన్న పరికరము గోడకు తగిలింతురు. అట్టి పరికరము ఈనాడు మన పట్టణములలోను దొరకును. పూడికలు తీయు ముఠాలలో ఎందఱి వద్ద అది యున్నదను ప్రశ్నను విద్యార్థులు తమ ఊళ్ళలో అడిగి చూడవచ్చును.

విద్యుత్తు వచ్చి, నీటిలోనే మునిగి పనిచేయు సబ్‌మెర్సిబుల్ పంపులు వచ్చి బావి అరుగుల అవసరము తీఱిపోయినది. ఆ పంపు నీటిని పీల్చదు, అడుగునుండి నెట్టును. నెట్టుటకు పది మీటర్ల హద్దు లేదు. 2018 జనవరి 1 నుండి తెలంగాణమున వ్యవసాయమునకు ఇరువదినాలుగు గంటల ఉచిత విద్యుత్తు మొదలైనది. బోధను చక్కెర కర్మాగారము అంతకుముందే, 2015లో, మూతపడినది. చెఱకు తోటలలో చాల భాగము వరియు, పసుపును ఆక్రమించినవి. ఇంజను మాత్రము పశువుల కొట్టమున ఒక మూల గోనెపట్టా కప్పుకొని యున్నది. అమ్మబోయిన తూకపు ధర, ఉంచుకొనిన ఒక భరోసా.

ఎండలు ముదిరి ట్రాన్స్‌ఫార్మరు కాలినపుడు ఆ గోనెపట్టా తొలగును. తెలిసిన రైతు హ్యాండిలును వెంటనే పట్టుకొనడు. ట్యాంకు మూత తీసి ముక్కు దగ్గఱ పెట్టును. సంవత్సరము నిలువయున్న డీజిలు వాసన మాఱియుండును. రాత్రి చలికి చేరిన తేమ అడుగున నీరై, నీటికిని డీజిలునకును నడుమ సూక్ష్మజీవులు పెరిగి నల్లని జిగురు పేరుకొనియుండును. అడుగు మర విప్పి దానినంతయు ఒక డబ్బాలోనికి కార్చి, క్రొత్త డీజిలు పోసి, ఫిల్టరు మార్చి, గాలి తీయును. డీకంప్రెషను పిడిని ఎత్తి నాలుగు చుట్లు, ఆరు చుట్లు. నాజిలు కీచుమనును. పిడి వదలును. తెల్లని పొగ ఒక బుడగ వలె లేచి చింతకొమ్మలను తాకును. ఆ వెనుక డుగుడుగుమని చప్పుడు.